దీక్ష గడ్డం

ఊళ్ళో సెలూను నడుపుకునే అతన్ని కత్తీ గిన్నెతో సహా ఆటోలో ఎక్కించుకుని గుండుగొలను నుంచి ఏలూరు పెద్దాసుపత్రి మార్చురీ దగ్గరికి వచ్చింది వీరరాఘవమ్మ. పోయిన కొడుక్కి గడ్డం గీయించాలి. అప్పటికి ఆవిడ పట్టుదలంతా అదొక్కటే.

అయ్యప్ప మాల వేసుకున్న రోజు పొద్దున ఇదే మనిషి విశ్వతేజకు నున్నగా గీశాడు. ఆ తర్వాత మొహాన కత్తి పడలేదు, గోరు తీయలేదు. కొండకు వెళ్ళొచ్చి తీయించుకోవాల్సిన గడ్డం అది. ఇప్పుడు కొండా లేదు, ఇరుముడీ లేదు. ప్రాణం పోయిన పూటే గురుస్వామి అబ్బాయిరాజుగారు వచ్చి మంత్రం చదివి మెడలో మాల తీసేశారు. నల్లబట్టలు ఆసుపత్రివాళ్ళు తీసేశారు. మిగిలిందల్లా ఆ గడ్డం. దాంతోనే కాష్ఠం మీదకి పంపితే కొడుకు దీక్ష మధ్యలో వదిలేసి పోయినట్టుంటుందని ఆవిడ బాధ. నిండా ముప్పై అయిదేళ్ళు లేని కొడుకు పోతే తల్లికి ఏ బాధ ఎక్కడ పట్టుకుంటుందో ఎవరు చెప్పగలరు?

మార్చురీ గుమ్మంలో డాక్టర్ మానస అడ్డంగా నిలబడింది. పోస్ట్‌మార్టం చేయాల్సింది ఆవిడే. చిన్నపిల్లే, పెళ్ళయిందో లేదో కూడా తెలియదు, కానీ మాట మాత్రం మెత్తగా ఉంటూనే వంగలేదు.

"గడ్డం ఇప్పుడు తీయకూడదండీ. గోళ్ళు కూడా ముట్టుకోకూడదు."

"పోయినవాడి గడ్డంతో మీకేం పనమ్మా?"

"పనుందండి. నా పని అయ్యాక మీ ఇష్టం. అంతవరకు ఆయన మొహం మీద చెయ్యి వెయ్యకండి."

సెలూను అతను బతుకుజీవుడా అని వెనక్కి తగ్గాడు. వీరరాఘవమ్మకు ఒళ్ళు మండింది గానీ నోరెత్తలేదు. ఎందుకంటే పోస్ట్‌మార్టం కావాలని గొడవపడింది తనే. ముందురోజు భీమడోలు స్టేషన్‌కు వెళ్ళి, "నా కోడలు ఆదివారం తెచ్చిన సున్నుండల్లో ఏదో కలిపి నా కొడుకుని చంపేసిందండీ" అని సీఐ శేషగిరిరావు ఎదుట కూలబడి చెప్పింది తనే. చిన్నకొడుకు ఫణికిరణ్ వద్దంటే వద్దన్నాడు.

"అన్నయ్య ఇప్పటికే నరకం పడి పోయాడమ్మా. ఇంకా కోయించడం ఎందుకు? ఒంటికి కత్తి తగలకుండా పంపించేద్దాం" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. చిన్నప్పటి నుంచీ మెత్తని మనసు వీడిది, అనుకుంది ఆవిడ.

వేపచెట్టు కింద సిమెంటు బల్ల మీద తల్లీ కొడుకూ కూర్చుని ఉండగా గేటులోంచి కోడలు గాయత్రి వచ్చింది. తాడేపల్లిగూడెం నుంచి ఆమె తల్లి కుసుమ కూడా వెంట వచ్చింది. గాయత్రి నేరుగా మార్చురీ వైపు వెళ్ళబోతే వీరరాఘవమ్మ లేచి ఎదురు నిలబడింది.

"నువ్వు వాడి మొహం చూడ్డానికి వీల్లేదు."

"అత్తయ్యగారూ, ఒక్కసారండీ. నేనేం చేశానండీ?"

"ఏం చేశావో లోపల కోసి చూస్తున్నారు. తేలుతుంది."

గాయత్రి ఏడవలేదు. అదే అత్తగారికి ఇంకా మంటగా ఉంది. కాసేపు అక్కడే నిలబడి, ఎండలో అత్తగారి పెదాలు పిడచగట్టడం చూసి, చేతిసంచిలోంచి నీళ్ళసీసా తీసి చాపింది. వీరరాఘవమ్మ దాన్ని మోచేత్తో కొట్టింది. సీసా దొర్లి నీళ్ళన్నీ మట్టిలో పోయాయి.

"నీ చేతి నీళ్ళు తాగి నేను కూడా పోవాలా?"

చుట్టూ ఉన్న బంధువులంతా విన్నారు. సాయంత్రానికి ఊరంతా విన్నది. గాయత్రి భర్తను చూడకుండానే వెళ్ళిపోయింది. దహనానికి గాని, దినవారాలకు గాని ఆమెను ఎవరూ పిలవలేదు. ఎందుకు పిలవలేదని అడిగిన పెద్దమనిషి ఒక్కడూ లేకపోయాడు, ఊరన్నాక అలాగే ఉంటుంది కాబోలు.

కొడుకు బయటికి వచ్చేసరికి గడ్డంలో బొటనవేలంత మేర వెంట్రుకలు లేవు. అక్కడ చర్మం కోడి ఈకలు పీకినట్టు గుల్లలుగా ఉంది. "ఇదేం చోద్యం" అనుకుంది. నెలరోజులుగా కన్నకొడుకుని "స్వామీ" అనే పిలిచింది. దీక్షలో ఉన్నవాణ్ణి పేరుపెట్టి పిలవకూడదు. మాల లేని ఆ మెడ చూశాక గాని "విశ్వా" అన్న మాట నోట రాలేదు. వచ్చాక ఆగలేదు.

* * *

రెండో పంట దాళ్వా నాట్లు పూర్తయిన రోజుల్లో శేషగిరిరావు ఫోన్ చేశాడు. రిపోర్టు వచ్చిందట. ఏలూరు వచ్చి డాక్టరమ్మను కలవమన్నాడు.

"విషమేనా అండీ?" అని అడిగింది.

"విషమేనమ్మా. మిగతాది వచ్చాక మాట్లాడుకుందాం."

పండగ వచ్చినంత తృప్తి కలిగింది ఆవిడకి, ఆ తృప్తికి ఆవిడే సిగ్గుపడింది. అన్నం కూడా తినకుండా ఫణికిరణ్‌ని కారు తీయమంది. దారిలో రోడ్డు పక్కన వాళ్ళ పొలం కనబడింది. నాలుగు వైపులా చేపల చెరువులు, మధ్యలో ఆ నాలుగెకరాలే వరి. విశ్వతేజ దాన్ని చెరువు చేయనివ్వలేదు. "చుట్టూ అందరూ తవ్వుకున్నారని మనమూ తవ్వుకోవాలా? అన్నం పెట్టే నేల ఒక్క ముక్కయినా ఉండనీరా" అని తమ్ముడితో రెండేళ్ళు పేచీ పెట్టుకున్నాడు. అన్నదమ్ములన్నాక అలాంటివి మామూలే. ఇప్పుడు అడ్డు చెప్పేవాడు లేడు. పొలంలో నాట్లు వేయలేదు. పచ్చ పొక్లెయిన్ ఒకటి మట్టి తోడి గట్లు పోస్తోంది.

ఆసుపత్రి దగ్గర ఫణికిరణ్ కారు దిగలేదు. "ఆ వాసన నాకు పడదమ్మా. ఇక్కడే టీ కొట్టు దగ్గర ఉంటాను" అన్నాడు.

మానస గదిలో శేషగిరిరావు ముందే వచ్చి కూర్చున్నాడు. బల్ల మీద ఫొటోలు పరిచి ఉన్నాయి. కొడుకు చేతులు, పాదాలు. వీరరాఘవమ్మ కొంగుతో నోరు మూసుకుని చూసింది.

"ఈ గోళ్ళు చూడండమ్మా" అంది మానస. "అడ్డంగా తెల్లచారలున్నాయి. ఒకటి కాదు, ఒకదాని కింద ఒకటి. ఆ రోజు నేను చూసింది ముందు ఇవే. ఇవి చూశాకే గడ్డం ముట్టుకోవద్దన్నాను. అరికాళ్ళు కూడా బిరుసెక్కి పొక్కులు కట్టాయి. కాళ్ళు తిమ్మిర్లని ఆయన అనేవారా?"

"అనేవాడు. చెప్పుల్లేకుండా చలిలో తిరిగితే తిమ్మిర్లు రావామ్మా? స్వాములందరికీ వస్తాయన్నారు."

"వాంతులు?"

"మధ్యలో ఒక వారం అయ్యాయి. ఒంటిపూట భిక్ష, రాత్రికి పాలూ పళ్ళూ. కడుపులో పైత్యం చేరిందనుకున్నాం."

"ఒళ్ళు నల్లబడిందా?"

"తెల్లారకట్ల చన్నీళ్ళ స్నానం, పగలంతా పొలంలో ఎండ. నల్లబడక ఏమవుతారు?"

"నీరసం?"

"దీక్షంటే కష్టం కదమ్మా. స్వామి పరీక్ష పెడుతున్నాడన్నాను నేనే. ఓర్చుకో స్వామీ అన్నాను."

చెబుతూ చెబుతూ ఆగింది. ఒక్కో ప్రశ్నకీ తన దగ్గర జవాబుంది. జవాబులన్నీ దీక్ష దగ్గరికే వెళ్ళి ఆగుతున్నాయి. కొడుకు ఒళ్ళు నెలరోజులు కేకలేసి చెబుతుంటే, తను ప్రతి కేకకూ ఒక దణ్ణం పెట్టి ఊరుకుంది. ఆ సంగతి ఆవిడకి అప్పుడే తట్టింది.

"ఇది పాషాణం అండీ. మేం ఆర్సెనిక్ అంటాం" అంది మానస. "రుచీ ఉండదు, వాసనా ఉండదు. కాలేయంలో దొరికింది. అది మొదటి రిపోర్టు."

"సున్నుండల్లో కలిపింది. నేను మొదటి రోజే చెప్పాను."

శేషగిరిరావు తల అడ్డంగా ఊపాడు. "మీరిచ్చిన సున్నుండల డబ్బా కూడా పంపామమ్మా. వాటిలో ఏమీ లేదు. మీ బోరు నీళ్ళలోనూ ఏమీ లేదు."

"తినేసినవాటిలో ఉందేమోనండీ. మంచివి పైన పెట్టి ఉంటుంది."

"అందుకే గడ్డం తీసుకున్నాను" అంది మానస. "తినే ప్రతిదీ కాస్తో కూస్తో వెంట్రుకలోకి వెళుతుందండీ. వెంట్రుక కుదుళ్ళ దగ్గర పుట్టి బయటికి పెరుగుతుంది. అంటే కుదురు దగ్గరున్నది నిన్నటిది, కొసనున్నది పాతది. తలవెంట్రుకైతే ఎప్పటిదో చెప్పడం కష్టం. మీ అబ్బాయి గడ్డం ఏ రోజు మొదలైందో మనకి తెలుసు. మాల వేసుకున్న పొద్దున నున్నగా గీయించుకున్నారు కదా."

"గీయించుకున్నాడు."

"ఆ వెంట్రుకల్ని కుదుళ్ళతో సహా లాగి, ఒకే వరసలో కట్టి, పెద్ద ల్యాబుకి పంపాం. వాళ్ళు సన్నటి ముక్కలు చేసి ఏ ముక్కకాముక్క పరీక్ష చేశారు. కొసన విషం లేదండీ. కొస అంటే మాల వేసుకున్న కొత్తలో. అప్పుడు ఇంట్లో వంట ఎవరిది?"

"గాయత్రిదే. స్నానం చేసి మడిగా వండేది. తర్వాత దానికి దూరం రోజులొచ్చాయి. ఇంట్లో మాల ఉండగా అలాంటివి కుదరవని నేనే పుట్టింటికి పంపేశాను. నెలనెలా ఈ గొడవెందుకు, స్వామి కొండకెళ్ళి వచ్చేదాకా అక్కడే ఉండమన్నాను. దీక్ష ఆయనదైతే ఇల్లు విడవాల్సింది నేనా అని ఎదురుతిరిగింది కూడాను."

"ఆవిడ వెళ్ళిన తర్వాత పెరిగిన ముక్కల్లో విషం మొదలైంది. మధ్యలో కొన్నాళ్ళు తగ్గింది. మళ్ళీ పెరిగింది. ఆవిడ సున్నుండలు తెచ్చిన ఆదివారానికి ముందే ఆయన ఒంట్లో చాలా చేరిపోయింది. కాబట్టి ఒక్క రోజు వచ్చి వెళ్ళిన మనిషి చేసింది కాదండీ ఇది. రోజూ కొంచెం కొంచెం పెట్టింది."

శేషగిరిరావు కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నాడు.

"గాయత్రి వెళ్ళాక వంట ఎవరు చేసేవారమ్మా?"

"నేనే."

"స్వామికి కంచం, గిన్నెలు?"

"అన్నీ వేరే. కొత్తవి కొన్నాను. నేనే తోమేదాన్ని. ఎవర్నీ ముట్టనివ్వలేదు."

"మీ చిన్నబ్బాయి?"

"వాడు చేపలూ కోళ్ళూ తింటాడని వాడి కంచం వసారాలోనే పెట్టేదాన్ని. వంటింటి గడప కూడా తొక్కనివ్వలేదు. స్వామి నోట్లోకి వెళ్ళేది ఏదైనా సరే నా చేతి మీదుగా వెళ్ళాల్సిందే."

ఎంతో నిష్ఠగా, గర్వంగా అనేసింది. అన్నాక ఇద్దరూ తనవైపే చూస్తున్నారని గమనించింది. వాళ్ళు ఎందుకలా చూస్తున్నారో అర్థం కావడానికి కాసేపు పట్టింది.

"నా కొడుకుని నేను చంపుకుంటానా అండీ?"

"అలా అనలేదమ్మా" అన్నాడు శేషగిరిరావు. కానీ ఆ గొంతులో ఇంతకుముందున్న మర్యాద పాలు తగ్గింది. "ఊరు విడిచి వెళ్ళకండి. రేపో ఎల్లుండో ఇంటికొచ్చి వంటింట్లో సరుకులన్నీ తీసుకెళతాం. బాగా ఆలోచించుకోండి. స్వామికి ఒక్కడికే పెట్టింది, ఇంకెవరూ తిననిది ఏదైనా ఉందేమో."

* * *

కారెక్కాక ఫణికిరణ్ అడిగాడు. "ఏమన్నారమ్మా? వదిన్ని అరెస్టు చేస్తారా?"

"ఇంకా తేల్లేదంట."

అబద్ధం ఎందుకు చెప్పిందో ఆవిడకి తెలియదు. నోరు దానంతటదే చెప్పేసింది. హైవే మీద లారీలు దాటుకుంటూ కారు పోతోంది. స్వామికి ఒక్కడికే పెట్టింది. అన్నం తనూ తిన్నది, అదే కుండలోది. పప్పు తనూ తిన్నది. పెరుగు, అరటిపళ్ళు అన్నీ తనూ తిన్నది. రాత్రిపూట పాలు. పాలు తనూ తాగేది, కానీ తన పాలల్లో శొంఠిపొడి వేసుకునేది కాదు.

ఆ పొడి ఇంట్లోకి ఎలా వచ్చిందో గుర్తొచ్చింది.

"తెల్లారకట్ల చన్నీళ్ళు పోసుకుంటున్నాడు కదమ్మా, జలుబు పట్టకుండా గురుస్వామిగారు ఈ శొంఠిపొడి ఇచ్చారు. పాలల్లో ఓ చెంచా వేసి ఇయ్యి" అని నీలం మూత డబ్బా ఒకటి వసారాలోంచే అందించాడు ఫణి. గురుస్వామి ఇచ్చిందంటే ప్రసాదం కిందే లెక్క. అందుకే దాన్ని స్వామి గిన్నెల పక్కనే పెట్టుకుంది. తను వేలు కూడా ముంచలేదు. వాంతులైన వారం పాలు మానిపించింది. కాస్త తేరుకోగానే మళ్ళీ మొదలుపెట్టింది. గాయత్రి వచ్చి వెళ్ళిన ఆదివారం రాత్రి, "అన్నయ్య బాగా దగ్గుతున్నాడమ్మా, ఈ పూట రెండు చెంచాలు వెయ్యి" అని వసారాలోంచి అన్నది ఎవరు? తనేమో మంచిమాట చెప్పాడని నిండుగా రెండు చెంచాలు వేసింది.

"ఏంటమ్మా, అలా ఉన్నావు?"

"ఏం లేదు. ఎండకి."

"పోనీలే అమ్మా. ఎవరు చేస్తే ఏంటి, అన్నయ్య తిరిగొస్తాడా? కేసు ఇంతటితో వదిలేద్దాం."

ఇన్నాళ్ళూ ఇలాంటి మాటే అన్నాడు. వదినను పల్లెత్తు మాట అనకపోతే మంచితనం అనుకుంది. ఊరి మొదట్లో కారు ఆపించి, గుళ్ళో దీపం పెట్టొస్తానని దిగింది.

గురుస్వామి అబ్బాయిరాజుగారు గుడి అరుగు మీద చాప వేసుకుని పేపరు చదువుకుంటున్నారు. ఆవిడను చూసి లేచి నిలబడ్డారు.

"మీరు స్వామికి శొంఠిపొడి ఇచ్చారు కదండీ. కొంచెం ఉంటే నాకూ ఇస్తారేమోనని" అంది.

"శొంఠిపొడా? నేనెప్పుడూ ఎవరికీ ఇవ్వలేదమ్మా. జలుబు చేస్తే తులసాకు నమలమంటాను, అంతే. ఎవరు చెప్పారమ్మా?"

"ఎవరో అన్నారులెండి. నేనే పొరబడ్డాను."

గుడి మెట్ల మీద చాలాసేపు కూర్చుంది. దీపం పెట్టనే లేదు.

* * *

తెల్లారింది. దేవుడి గదిలో మేకుకి వేలాడుతున్న నల్లగుడ్డ సంచి దించింది వీరరాఘవమ్మ. స్వామి కంచం, గ్లాసు, గిన్నె, చెంచా, నీలం మూత డబ్బా. దీక్ష సామాను ఇంటి సామానులో కలపకూడదని అప్పుడు మూటగట్టింది అలాగే ఉంది. డబ్బా ఒక్కటీ తీసి పొయ్యి గట్టు మీద పెట్టింది. మూత తీయలేదు. పాలు కాచి, వంటింట్లో తను దంచుకున్న శొంఠి చిటికెడు వేసి కలిపింది.

ఫణికిరణ్ చెరువు మీదకి వెళ్ళడానికి తయారై వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. గ్లాసు ముందు పెట్టింది.

"రాత్రంతా దగ్గుతూనే ఉన్నావు. శొంఠిపాలు తాగి వెళ్ళు."

అతను గ్లాసు ఎత్తబోయి పొయ్యి గట్టు వైపు చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నాకొద్దమ్మా. టీ ఉంటే ఇయ్యి."

"అన్నయ్యకి నువ్వు తెచ్చిన పొడే. ఇంకా బోలెడుంది, పారేయడమెందుకు?"

"వద్దన్నాగా. కడుపు బాగోలేదు."

"సరేలే. నాకూ గొంతు పట్టేసింది. నేను తాగుతాను."

గ్లాసు తీసుకుంది. పెదాల దాకా తెచ్చింది. దేవుడా, వీణ్ణి ఊరికే కూర్చోనీ, నన్ను తాగనీ, బతికినన్నాళ్ళూ నీ కాళ్ళు కడుగుతాను అని మొక్కుకుంది. ఆవిడ జన్మలో అంత గట్టిగా ఎప్పుడూ మొక్కలేదు.

ఫణికిరణ్ లేచి ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దమ్మా."

అరవలేదు. పట్టు మాత్రం ఇనుపపట్టు. పాలు తొణికి ఇద్దరి చేతుల మీదా కారాయి. తన చెయ్యి తడవగానే అతను గబుక్కున లుంగీకి తుడుచుకున్నాడు, తర్వాత తల్లి చేతిని కూడా తుడిచాడు. బాగా, వేలివేలికీ తుడిచాడు. వీరరాఘవమ్మ ఆ తుడవడం చూస్తూ నిలబడింది. తల్లి ప్రాణమంటే వాడికి అంత తీపని తెలిసి ఆవిడకి భయం వేసింది. అన్న ప్రాణం మీద లేనిది అమ్మ ప్రాణం మీద ఎలా ఉంటుంది? ఉంది. ఒకే మనిషిలో రెండూ ఉన్నాయి. ఆ మనిషిని తనే కన్నది.

"వాడు ఎంత చెప్పినా వినలేదమ్మా" అన్నాడు నేల చూస్తూ. "ఆ నాలుగెకరాలూ పట్టుకుని నన్ను ఊళ్ళో ఎందుకూ పనికిరాని వాణ్ణి చేసి కూర్చోబెట్టాడు."

"నా చేత్తో పెట్టించావురా."

డబ్బా అందుకోబోయాడు. ఆవిడ దాన్ని కొంగులో చుట్టి గుండెకు అదుముకుంది. లాక్కోలేక చెయ్యి దించేశాడు.

"సరే, నువ్వే పారేయ్. కొల్లేట్లో పడేయించు." గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "మధ్యాహ్నం అన్నానికి వస్తాను."

బండి స్టార్టయి చెరువుల వైపు పోయిన చప్పుడు విన్నాక ఆవిడ గోడకు ఆనుకుని జారి కూర్చుంది. అన్నానికి వస్తాడట. అమ్మ కదా, కడుపులో పెట్టుకుంటుందని వాడి ధీమా. ఆ ధీమా తప్పని చెప్పడానికి ఆవిడ దగ్గర కూడా ఏమీ లేకపోయింది. ఒక కొడుకు పోయాడు. ఈ డబ్బా కొల్లేట్లో పడేస్తే రెండోవాడు మిగులుతాడు. పోలీసులు వచ్చి వంటిల్లు వెతికినా ఏమీ దొరకదు. గాయత్రి మీద ఊరు వేసిన ముద్ర ఎలాగూ పోదు. ఎంత సులువు! అనుకుని, అలా అనుకున్నందుకు తన నోటి మీద తనే కొట్టుకుంది.

* * *

గూడెం బస్సు భీమడోలులో ఆగింది. స్టేషన్ రోడ్డు మలుపు కిటికీలోంచి కనబడుతోంది. దిగాలి. సంచి ఒళ్ళో ఉంది. కాళ్ళు లేవలేదు. కండక్టరు విజిల్ వేశాడు, బస్సు కదిలింది. వీరరాఘవమ్మ తాడేపల్లిగూడెం దాకా టికెట్టు తీసుకుంది.

తలుపు తీసింది కుసుమ. ఎవరో చూసి సగం మూసేసింది. వెనకాల నుంచి గాయత్రి వచ్చి, తల్లిని పక్కకు జరిపి, గుమ్మంలోనే నిలబడింది. లోపలికి రమ్మనలేదు. చిక్కిపోయింది. స్టేషన్‌కు పిలిచినప్పుడల్లా భీమడోలు వచ్చి, మొత్తం ఊరు చూస్తుండగా బల్ల మీద కూర్చుని వెళ్ళిన పిల్ల. ఆ బల్ల మీద కూర్చోబెట్టింది తనే.

వీరరాఘవమ్మ వీధిలో నిలబడే అంతా చెప్పింది. గడ్డం సంగతి, పాల సంగతి, ఫణి సంగతి. ఏడవకుండా చెప్పాలనుకుంది, అలాగే చెప్పింది. పేరు వినగానే కుసుమ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గాయత్రి ద్వారబంధం పట్టుకుంది.

"ఆ ఆదివారం నాతో చెప్పారండీ ఆయన" అంది. "కాళ్ళు మొద్దుబారుతున్నాయి, అన్నం సయించట్లేదు అన్నారు. డాక్టరు దగ్గరికి వెళదామన్నాను. అమ్మతో అంటే దీక్షలో మందులేంటంటుంది, కొండకెళ్ళి వచ్చాక చూద్దాం అన్నారు. నేనింట్లో ఉంటే లాక్కునైనా వెళ్ళేదాన్ని."

"తెలుసమ్మా."

"నన్ను ఆయన మొహం కూడా చూడనివ్వలేదు మీరు."

"అవును."

"ఇప్పుడు నా దగ్గరికెందుకొచ్చారండీ? క్షమించమనా?"

"కాదమ్మా. అంత మొహం నాకెక్కడుంది? ఈ డబ్బా స్టేషన్లో ఇవ్వాలి. పొద్దున బస్సు అక్కడే ఆగింది, దిగలేకపోయాను. ఒక్కదాన్నే వెళితే మళ్ళీ దిగలేనేమో. వాడు మధ్యాహ్నం అన్నానికి వస్తానన్నాడు, ఇంటికెళ్ళి అన్నం వండేస్తానేమో. నువ్వు పక్కనుంటే దిగుతాను."

గాయత్రి లోపలికి వెళ్ళింది. రాదేమో అనుకుంది వీరరాఘవమ్మ. కాసేపటికి జుట్టు ముడి వేసుకుని, చేతిసంచి తీసుకుని వచ్చి, చెప్పులు వేసుకుంది. బస్సులో ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు. భీమడోలులో గాయత్రి ముందు దిగి, అత్తగారు దిగేవరకు బస్సు కడ్డీ పట్టుకుని నిలబడింది.

శేషగిరిరావు ఇద్దరినీ కలిపి చూసి లేచి నిలబడ్డాడు. డబ్బాను ఎవరూ తెరవకుండా కవరులో పెట్టించి, లక్క కరిగించి సీలు వేయించాడు. కంచం, గ్లాసు, చెంచా విడివిడిగా కట్టించాడు. ఆ చెంచా కవరులోకి వెళుతుంటే వీరరాఘవమ్మ దాని వంకే చూసింది. నెలరోజులు అది తన వేళ్ళ మధ్యే ఉంది.

"ఎవరు తెచ్చారమ్మా ఈ పొడి?" అన్నాడు కాగితం ముందుకు లాక్కుని.

గోడగడియారం పన్నెండు దాటింది. ఈపాటికి వాడు చెరువు దగ్గర్నుంచి బయల్దేరి ఉంటాడు. వంటింట్లో పొయ్యి చల్లగా ఉంటుంది.

"మా చిన్నబ్బాయి ఫణికిరణ్ తెచ్చాడండీ. పాలల్లో కలిపి తాగించింది నేను. రెండూ రాసుకోండి."

సీఐ కలం ఒక క్షణం ఆగి, మళ్ళీ కదిలింది. వీరరాఘవమ్మకు నాలుక పిడచగట్టుకుపోయింది. పక్కకు తిరిగి, "కాసిని మంచినీళ్ళు ఇస్తావామ్మా" అంది.

గాయత్రి సంచిలోంచి సీసా తీసింది. మూత తిప్పి తీసింది. అత్తగారి చేతికివ్వలేదు. బల్ల మీద పెట్టి, కొంచెం ముందుకు జరిపి, చెయ్యి తీసేసుకుంది.

వీరరాఘవమ్మ రెండు చేతులా సీసా ఎత్తుకుని, కింద ఒక్క చుక్క పడకుండా తాగింది.